పొల్లు పూలకు కాపలా

ఆ రోజుల్లో మా మిల్లు క్వార్టర్లలో తాజా కూరగాయ కనిపిస్తే పండుగ వచ్చినట్టే ఉండేది. ఆసిఫాబాద్ దాటాక అడవి అంచున కొత్తగా లేచిన ఊరు మాది. వారానికొక్క అంగడి. అక్కడికి బండ్ల మీద వచ్చిన వంకాయలు మా ఇళ్లకు చేరేసరికి ముడతలు పడి ఉండేవి. (మా ఆయన ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, "పెద్దమనిషి, ముందు కాళ్లు మొక్కు" అనేవాడు.) హుజూరాబాద్ పక్క పల్లెలో పెరటి కూర తిని పెరిగిన నాకు కొత్త కాపురంలో ముద్ద దిగేది కాదు.

అందుకే మా వరుస ఆడవాళ్లం కలిసి, చివరి నల్లా నీళ్లు పారే ఖాళీ జాగాలో గుమ్మడి పెట్టాం. విత్తనాలిచ్చింది పక్కింటి మరాఠీ ముసలమ్మ. అందరం ఆమెను ఆయి అని పిలిచేవాళ్లం. ఇచ్చి, కూతురి కానుపుకని చాందా వెళ్లిపోయింది. క్వార్టర్ల బాగోగులు చూసే మేస్త్రీకేమో ఆ జాగాలో సైకిళ్ల కొట్టం వెయ్యాలని ఉంది. "దసరా దాక చూస్త. గప్పటికి కాయ కనవడకపోతే తీగెలు పీకిపిస్త. మల్ల నన్ననొద్దు" అన్నాడు. అందరిలో చిన్నదాన్నని కాపలా నాకప్పగించారు.

తీగలు పూతకొచ్చాయి. అప్పుడే బొడ్డెమ్మ, దాని వెనకే బతుకమ్మ. గుమ్మడి పువ్వు లేకుంటే మా వైపు బతుకమ్మ నిండదు, గౌరమ్మను చేసేదే దానితో. నన్ను కాపలా పెట్టిన ఆడవాళ్లే తెల్లారగానే గంపలతో దిగారు. నేను బాగా ఆలోచించి తీర్పు చెప్పాను. అడుగున పిందె ఉన్న పువ్వును ముట్టొద్దు. ఉత్త కాడ మీద నిలబడ్డ పొల్లు పువ్వులు ఎన్నైనా కోసుకోండి అని.

"ఏందే పోరీ, ఒక్క పిందె పువ్విస్తే నీ సొమ్మేం పోతది?" అంది ఎదురింటి వదిన.

"పొల్లువి గంపెడు తీస్కో వదినా. పిందె జోలికొస్తే అన్నకు చెప్త."

"చెప్పు పో. ఆయన నాకే భయపడ్తడు, నీకేం జెప్తడు."

రోజూ పొద్దున్నే ఒక్క పొల్లు పువ్వు మిగలకుండా నేనే కోసి పంచేదాన్ని. ఆ ఏడు మా వరుస బతుకమ్మలే అందరికంటే ఎత్తు. జాగా పక్కనే ఉన్న మేస్త్రీ ఇంటి గూన పెంకుల కప్పు మీదికి పాకిన తీగ ఒక్కటే నాకు అందలేదు. ఆయన భార్య ఎవరినీ పైకెక్కనిచ్చేది కాదు. "గూనలు పలిగితే మీ తాత కప్పుతడా?" అనేది.

కింద పిందెలు మాత్రం బొటనవేలంత అయి, పచ్చబడి రాలిపోయేవి. దిష్టేమోనని మిరపకాయలు తిప్పాను. ఇంట్లో తాగే నీళ్ల బిందె కూడా తెచ్చి పోశాను. సద్దుల బతుకమ్మ ముందు ఆయి తిరిగొచ్చింది. నేను చేసిందంతా విని నడుం పట్టుకుని నవ్వింది. "అగ బాయీ, పెండ్లికొడుకులందర్ని తెంపి బతుకమ్మల వెట్టినవ్. పెండ్లిపిల్లలు ఎన్ని దినాలు పీటల మీద కూసుంటరు?" పొల్లు పువ్వు పుప్పొడి అందకపోతే పిందె నిలవదని నాకప్పుడే తెలిసింది.

దసరా తెల్లారి మేస్త్రీ ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు. "ఏది బిడ్డా, కాయ?" అన్నాడు. కూలీ ఒక తీగ పట్టుకుని గుంజగానే మేస్త్రీ ఇంటి గూనలు గలగలలాడాయి.

"ఎవడురా తీగె గుంజేది? కాయలు నెత్తిన వడ్తయ్" అంటూ ఆయన భార్య బయటికొచ్చింది.

అందరం తలెత్తి చూశాం. కప్పు మీద ఆకుల చాటున బిందెలంత గుమ్మడికాయలు.

"ఇంట్ల చుట్టాలున్నరు. తీగె తెగిందో, మూడు పూటలు నీకు పచ్చిమిరపకాయనే" అంది ఆమె మొగుడితో.

మేస్త్రీ పైకి చూశాడు, భార్యను చూశాడు, కూలీలను పొమ్మన్నాడు. "కాయ కనవడ్డది గద. సైకిళ్లదేముంది, గోడకానిచ్చినా నిలవడ్తయ్" అన్నాడు.

సాయంత్రానికి మా వరుసలో ఇంటికొక ముక్క వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ జాగాలో సొర, బీర, చిక్కుడు పండించుకుని తిన్నాం. కాపలా మాత్రం మళ్లీ నాకివ్వలేదు. ఇప్పటికీ ఎవరి పెరట్లోనైనా గుమ్మడి పువ్వు కనిపిస్తే, పూలు పాడుచేస్తాయని తుమ్మెదలను కూడా కొంగుతో తోలుతూ తిరిగిన నాలోని ఆ కొత్త కోడలు గుర్తొస్తుంది. ఎంత శ్రద్ధో దానికి. ఆ తుమ్మెదలు ఎంత తిట్టుకున్నాయో.