పొగ చాటున

అరిజోనాలో మేం చదువుకునే రోజుల్లో మా ల్యాబ్‌లో ఒక సీనియర్ అక్క ఉండేది. ఉపగ్రహ చిత్రాల్లో అడవి మంటలను గుర్తించడం మా పని. మంట ఉన్నచోట తెర మీద ఎర్రచుక్క పడేది. అక్క ప్రతి చుక్కనూ వేలితో తాకి, "ఇక్కడ ఎవరుంటారో?" అనేది.

ఒక వేసవిలో కొండలను పొగ దట్టంగా కమ్మేసి, చుక్కలన్నీ మాయమయ్యాయి.

"మంటలు ఆరిపోయాయా అక్కా?" అన్నాను.

"లేదురా, పొగ అడ్డమొచ్చి శాటిలైట్‌కి కనపడట్లేదంతే."

అక్క అత్యవసర విభాగానికి ఫోన్ చేసింది. మ్యాప్‌లో ఎర్రచుక్కలేమీ లేవు కదా అన్నారు వాళ్లు. దాంతో తనే డ్రైవ్ చేసుకుంటూ పొగ కమ్మిన కొండల్లోని ఒక ఊరికి వెళ్లి, ఇంటింటికీ తలుపు తట్టింది. చాలామంది బయటపడ్డారు. అక్క చివరి వీధికి చేరేలోపే మంటలు దారి మూసేశాయి. ఆ వీధిలోని ముసలి దంపతులు బయటికి రాలేకపోయారు.

బతికినవాళ్లు ల్యాబ్‌కి వచ్చి మరీ అక్కకు దండం పెట్టినంత పనిచేశారు. వాళ్లు వెళ్లాక అక్క నాతో అన్నది ఒక్కటే మాట.

"అటు చివర్నుంచి మొదలుపెట్టాల్సిందిరా."