సెంటీమీటరు పొట్టి తూటా

నా చిన్నప్పుడు, అంటే రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన రోజుల్లో, మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండేవాళ్లం. మరీ అంత పాత సంగతేమీ కాదు. కానీ ఇప్పుడు షూటింగ్ రేంజ్‌లో పిల్లలు నన్ను ఆంటీ అంటున్నారు కాబట్టి నేనూ పెద్దవాళ్ల లెక్కలో చేరిపోయాను.

మా చుట్టుపక్కల తెలుగువాళ్ల పిల్లలు శనివారం పొద్దున కూచిపూడికో, లెక్కల ట్యూషన్‌కో వెళ్తుంటే, నేను మా నాన్నతో షూటింగ్ రేంజ్‌కి వెళ్లేదాన్ని. నాన్నకి ఆ పిచ్చిని ఆఫీసులో పక్క సీటాయన అంటించాడు, నాన్న నాకు అంటించాడు. రివాల్వర్ పోటీకి గురి ఒక్కటే చాలదు. ఆరు తూటాలు కాల్చాక తూటాలుండే సిలిండర్ తెరిచి, వాటిని బయటికి నెట్టే కడ్డీ నొక్కి, ఖాళీ అయిన ఇత్తడి కేసులను కింద పడేసి, కొత్తవి ఆరూ పెట్టి మళ్లీ కాల్చాలి. ఆరింటినీ ఒక పల్చటి ఉక్కు రింగుకి బిగించి గుత్తిలా నడుముకి పెట్టుకుంటాం. బయటికి వచ్చేదీ గుత్తిగానే, లోపలికి వెళ్లేదీ గుత్తిగానే. ఈ మార్చడం దగ్గరే చాలామంది ఓడిపోతారు.

నాకప్పుడు పదమూడేళ్లు. క్లబ్ పిల్లల జట్టులో రివాల్వర్‌కి ఒకే ఒక్క చోటు ఉంది. దానికి ఇద్దరం పోటీ. నేనూ, రెండు జడలు వేసుకొచ్చే ఒక అమెరికన్ అమ్మాయీ. నెలాఖరు మ్యాచ్‌లో ఎవరు ముందు ముగిస్తే చోటు వాళ్లది. చోటు వస్తే సరే, రాకపోతే నోరెత్తకుండా కూచిపూడి క్లాసుకి వెళ్లాలని అమ్మ ముందే మాట తీసుకుంది. నాకు ఆ చోటు ఎంత కావాలంటే, అన్నం తింటున్నా అదే ధ్యాస, స్కూల్ బస్సులోనూ అదే ధ్యాస.

తీరా చూస్తే గుత్తి ఊడేది కాదు. కడ్డీ నొక్కితే సగం బయటికొచ్చి అక్కడే వేలాడేది. విదిలించాలి, అరచేత్తో మళ్లీ కొట్టాలి. కొత్త గుత్తి పెట్టబోతే ఆరు మొనలూ ఊగిపోయి ఒకటి దాని కన్నంలోకి దిగితే ఇంకొకటి తప్పేది. నా చేతులు చిన్నవి, అందుకే రావడం లేదని నాకు నేనే తీర్మానించుకున్నాను. ప్రాక్టీస్ చెయ్, అదే వస్తుంది అనేవాడు నాన్న. నాన్న ఎదుట కూర్చుని డైనింగ్ టేబుల్ మీద ఉత్తుత్తి తూటాలతో రోజుకి వందసార్లు చేసేదాన్ని. అరచెయ్యి బొబ్బలెక్కితే అమ్మకి కనపడకుండా పిడికిలి మూసుకునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక ఈ గన్నే బాగాలేదన్నాను. వంటింట్లోంచి అమ్మ, ‘ఆడలేక మద్దెల ఓడంటే ఇదే!’ అంది. ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు, పౌరుషం అడ్డొచ్చింది.

ఆ మాట హాల్లో కూర్చున్న మా తాతయ్య చెవిన పడింది. అమ్మ వాళ్ల నాన్న. ఒంగోలులో పోలీసుల ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యి, మా దగ్గర ఆరునెలలు ఉందామని వచ్చాడు. సర్వీసంతా తుపాకుల మధ్యే గడిపిన మనిషి మా ఇంట్లో ఉన్న రివాల్వర్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ముట్టుకోకపోవడమే మంచిదని నాన్న ఎవర్నో కనుక్కొచ్చి చెప్పాడు. అంతే, చేతులు వెనక్కి కట్టుకుని దూరంనుంచే చూసేవాడు. ఖాళీ కేసు ఒకటి దొర్లుకుంటూ వస్తే కాలు పక్కకి తీసుకునేవాడు. మాకు నవ్వొచ్చేది. ఆయన మాత్రం రూలంటే రూలే అనేవాడు.

‘మద్దెల ఓడో కాదో చూశాక అనాలమ్మా ఆ మాట,’ అన్నాడు అమ్మతో. తర్వాత నన్ను పిలిచి ఇంకొక్కసారి చేసి చూపించమన్నాడు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, నా చేతులకేసి కాదు, ఆ కడ్డీకేసి చూశాడు.

మర్నాడు నాన్నచేత హార్డ్‌వేర్ షాపు నుంచి వేలి లావు చెక్క కడ్డీ తెప్పించుకున్నాడు. గరాజ్‌లో పాత దుప్పటి పరుచుకుని, ఆకురాయి పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. తూటా ఆకారంలో, తల దగ్గర రింగు పట్టే గాడితో సహా పుల్లలు చెక్కాడు. చెక్కపుల్ల ముట్టుకోవద్దని ఏ చట్టమూ చెప్పలేదుగా అని ఆయన ధీమా. మూడోరోజు సాయంత్రం నా కళ్లకి తన కండువా కట్టాడు. వాళ్ల డిపార్టుమెంటులో తుపాకీ విప్పడం ఇలాగే నేర్పేవారట. గుత్తులు నాన్న నా నడుముకి పెడుతుంటే, నేను తడుముకుని మార్చడం, నాన్న టైమ్ రాయడం. పదిసార్లు చేయించారు.

కండువా విప్పి చూద్దును కదా, ఐదుసార్లు ఎప్పటిలాగే ఐదు సెకన్ల పైన ఉంది, మిగతా ఐదుసార్లు మూడు దాటలేదు. నేను ఎగిరి గంతేశాను. ‘ఆ ఫైవ్ టైమ్స్ బాగా కాన్సంట్రేట్ చేశా తాతయ్యా! ప్రాక్టీస్ వర్క్ అయింది!’ అన్నాను. తాతయ్య రెండు పుల్లలు తీసి టేబుల్ మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఇంకొకదానికన్నా సెంటీమీటరు పొట్టి. మూడు దాటని ఐదుసార్లూ నాన్న నా నడుముకి పెట్టినవి ఆ పొట్టివే.

నాకు ఒళ్లు మండిపోయింది. చీటింగ్ అన్నాను. కళ్లు కట్టి మోసం చేశావన్నాను. ఆయన నా కోపం చల్లారేదాకా ఆగాడు. ‘చేతులు పదిసార్లూ నీవే కదా తల్లీ. కడ్డీ నెట్టేది ఇంత, కేసు పొడుగు అంత. తేడా వచ్చిన ఆ కాస్తా నీ అరచెయ్యి పెట్టి కొట్టుకుంటున్నావు. పొట్టిదైతే నెట్టిన నెట్టుకే ఊడిపడుతుంది, పెట్టేటప్పుడూ ఊగదు,’ అన్నాడు. పొట్టిది పెట్టుకోవడం దొడ్డిదారి కాదా అని నేను పట్టుబట్టాను. కష్టపడకుండా వచ్చింది ఏదైనా మా ఇంట్లో తప్పే మరి. నాన్న రూల్‌బుక్ మొత్తం చదివాడు. కేసు పొడుగు గురించి అందులో ఆంక్షేమీ లేదు. మా రివాల్వర్‌లో సురక్షితంగా పేలే పొట్టి రకం ఉందని నాన్న స్నేహితుడు చెప్పి, తూటాలు తయారుచేసుకునే తన మిషన్ మీద తనే మందుగుండు నింపి ఇచ్చాడు. అమ్మ ఆ రాత్రి నా అరచేతికి వెన్న రాస్తూ సామెత సంగతి ఎత్తలేదు.

మ్యాచ్ రోజు తాతయ్య కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. నేను వార్మప్‌లో గుత్తి మార్చడం చూసి రెండు జడల అమ్మాయి నా దగ్గరికొచ్చింది. ఆమెదీ మా రకం రివాల్వరే, అవే పొడుగు కేసులు. అంత క్విక్‌గా ఎలా చేస్తున్నావని ఇంగ్లీషులో అడిగింది. ప్రాక్టీస్ అన్నాను. ఒక్క మాట. అబద్ధమని తెలిసే అన్నాను, నాకు ఆ చోటు కావాలి.

నా గుత్తులు టపటపా రాలిపోయాయి. తర్వాత ఆమె వంతు. మూడుసార్లు గుత్తి వేలాడింది. మూడోసారి ఆమె తుపాకీకేసి చూడలేదు, తన చేతులకేసి చూసుకుంది. పక్కనున్న వాళ్ల నాన్న భుజం తట్టి, ఇంకా ప్రాక్టీస్ చెయ్యాలి అన్నాడు. చోటు నాకొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆమె కూడా కొట్టింది.

కారులో తాతయ్య, ఆ పిల్ల నిన్ను ఏమడిగిందని అడిగాడు. చెప్పాను. నువ్వేమన్నావని అడిగాడు. అదీ చెప్పాను. ఇంటికొచ్చాక, చెప్పులు కూడా విప్పకుండా వరండా మెట్ల మీద కూర్చుని నన్ను పక్కన కూర్చోమన్నాడు. సర్వీసులో ఒక కుర్ర కానిస్టేబుల్ ఉండేవాడట. రివాల్వర్ నింపడంలో అందరికన్నా వెనక. తుపాకీలో ఏదో లోపం ఉంది సార్ అని మొత్తుకుంటే తనిఖీకి తాతయ్య దగ్గరికి పంపారు. పని వత్తిడిలో తాతయ్య విప్పి చూడకుండానే, ఆయుధం సరిగ్గా ఉందని రాసి సంతకం పెట్టేశాడు. ఆ కుర్రాడికి ఎండలో పనిష్మెంట్ పరేడు వేశారు. నా చేతులే మంచివి కావు అనుకుంటూ వాడు ఉద్యోగం మానేసి పోయాడు. తర్వాత ఎప్పుడో విప్పితే కడ్డీ వంగి ఉంది.

‘నేను చూడక రాశాను. నువ్వు చూసి కూడా చెప్పలేదు,’ అన్నాడు తాతయ్య. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ వారమంతా ఇంగ్లీషులో ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకున్నాను. మరుసటి శనివారం గుప్పెడు పొట్టి కేసులు కవర్లో వేసుకుని వెళ్లాను. ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. క్లబ్ ఆఫీసులో ఉండే ఆవిడని అడిగితే, ఇది తనకి వచ్చే ఆట కాదనుకుందట, మానేసింది అని చెప్పింది. ఇంటిపేరు గానీ ఫోన్ నంబరు గానీ నాకు తెలియదు. ఇవ్వమని అడిగితే, అలా ఇవ్వకూడదంది.

తర్వాత నేను చాలా మ్యాచ్‌లు గెలిచాను, చాలా ఓడాను, స్కోర్లు ఒక్కటీ గుర్తు లేవు. ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. ఎవరైనా నా దగ్గరికొచ్చి, ఆంటీ, మీరంత క్విక్‌గా ఎలా చేస్తారు అని అడిగితే, ముందు నా తూటా తీసి వాళ్ల తూటా పక్కన పెట్టి చూపిస్తాను. ప్రాక్టీస్ గురించి ఆ తర్వాతే మాట్లాడతాను. ఆ జవాబు నిజానికి రెండు జడల అమ్మాయికి చెప్పాల్సింది. ఆమెకి తప్ప అందరికీ చెబుతున్నాను.