పార్శిల్ మీద రాయించిన ధర

ఆ వానాకాలమంతా నేను కుదురుగా కూర్చున్న పూట లేదు. భద్రాచలంలో ఇల్లు, దుమ్ముగూడెం దాటి లోపలికి వెళితే బడి. బస్సెక్కితే ఎప్పుడు దిగుతానా అని, దిగితే ఎప్పుడు ఇంటికి చేరతానా అని ఒకటే ఆరాటం. ఇంటికి రాగానే పోస్టుమాన్ వచ్చాడా అని పక్కింటావిడని అడగడం, ఆవిడ చెప్పింది వినపడక మళ్ళీ అడగడం. ఆవిడ విసుక్కుంటే నాకు ఒళ్ళు మండేది. నిజానికి నా మంట ఆవిడ మీద కాదు, నా చెవుల మీద.

అవును, చెవులే. అప్పటికి రెండేళ్ళుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. కుడి చెవి పని అయిపోయింది, ఎడమ చెవి ఏదో ఈడ్చుకొస్తోంది. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొచ్చేదాన్ని. తెలుగైతే సరే, మా బడి పిల్లలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది కోయ భాష. ఆ పెదాలు చూస్తే నాకేం తెలుస్తుంది, నా బొంద! ఒకప్పుడు పాఠం బుర్రకెక్కని పిల్లల్ని "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది" అని దులిపేసేదాన్ని. ఆ మాట అనడం మానేశాను.

మా ఆయనకూ, ఖమ్మంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే మా తమ్ముడికీ తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. బడిలో తెలిస్తే ఊళ్ళో తెలుస్తుంది. ఊళ్ళో తెలిస్తే, చెవిటి టీచరమ్మ మా పిల్లలకేం చెబుతుందని ఎవరో ఒకరు పైకి అర్జీ పెడతారు. ఆ తర్వాత మెడికల్ బోర్డు. ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో! అంతకు ముందు ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి క్లాసు నడుస్తుండగా నా వెనక నిలబడి ఏదో అడిగాడట. నేను బోర్డు మీద రాసుకుంటూనే ఉన్నాను. ముందు వరసలో కూర్చునే పిల్ల ఒకతి లేచి వచ్చి నా కొంగు గుంజింది. తిరిగి చూస్తే అధికారి! ఎలాగో సర్దుకుని గండం గట్టెక్కాను గానీ, ఆయన వెళ్ళాక పెద్దవాళ్ళ ముందు ఏమిటా అల్లరని ఆ పిల్లని తిట్టాను.

ఈ ఏడు మళ్ళీ తనిఖీ అని కబురొచ్చేసరికి ఇక ఆగలేక ఖమ్మం వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాను. మిషన్ పెట్టుకోవాల్సిందే అన్నాడు. ఆ వీధిలోనే ఉన్న దుకాణంలో చిక్కుడు గింజంత మిషన్ చూపించి, నా నాలుగు నెలల జీతం చెప్పాడు దుకాణం ఆయన.

"ఇంత చిన్నదానికి అంత రేటేందండీ?" అన్నాను.

"చిన్నదైతేనే రేటెక్కువ మేడం. బయటి దేశం సరుకు. పెద్దదైతే తక్కువల వస్తది. డబ్బా జేబుల పెట్టుకోవాలె, వైరు చెవి దాక వస్తది."

చెవికి వైరు వేలాడేసుకుని బడికి వెళ్ళాలట! అంతకన్నా ఊళ్ళో డప్పు కొట్టించుకోవడం నయం.

మా తమ్ముడు తన సెంటర్లో అదే మిషన్‌ని కంప్యూటర్ మీద చూపించాడు. అదే కంపెనీ, అదే రంగు, ధర మాత్రం ఖమ్మం ధరలో సగం కూడా లేదు. "సముద్రం దాటొచ్చినా గింతే అక్కా. ఆ షాపాయన మనకు టోపీ పెడుతుండు," అన్నాడు. డాక్టరిచ్చిన పరీక్ష కాగితం స్కాన్ చేసి పంపితే, అమ్మేవాళ్ళే నా చెవికి తగ్గట్టు సరిచేసి పంపుతారట. వాడి క్రెడిట్ కార్డు మీదే కొన్నాం. చివర్లో, అమ్మేవాళ్ళకి ఏమైనా చెప్పాలా అని అడిగాడు. చెప్పాలన్నాను. అక్కడే పడ్డాను గోతిలో.

మా అమ్మ ఖమ్మం నుంచి నాకు బస్సులో ఆవకాయ జాడీ పంపితే, అట్టపెట్టె మీద "చాలా ఖరీదైనది, జాగ్రత్త" అని రాయించకుండా ఎక్కించదు. చాలదన్నట్టు డ్రైవరుతో "టీవీ సామాను నాయనా, శాన పైసలు పోసి కొన్నం," అంటుంది. చవక సరుకని తెలిస్తే విసిరి కొడతారని ఆవిడ నమ్మకం. ఏన్కూరు దారి గుంతల్లో ఎవరెవరి జాడీలు పగిలాయో గానీ మా జాడీ ఒక్కటీ పగల్లేదు. ఆ కడుపున పుట్టినదాన్నే కదా, నేనూ అదే చేశాను. పార్శిల్ మీద విలువ మూడింతలు చేసి రాయమన్నాను. పైగా చెవి మిషన్ అని రాయొద్దు, ఎలక్ట్రానిక్ సామాను అని రాయమన్నాను. మా పోస్టుమాన్ బావమరిది మా బడి ఊరివాడే మరి. మా తమ్ముడు నేను చెప్పింది చెప్పినట్టు టైపు చేశాడు. వాడూ ఆ అమ్మ కొడుకే, తప్పనిపించలేదు.

ఇక ఎదురుచూపు మొదలైంది. గోదావరి పెరిగిందంటే దారి మూస్తారేమోనని, తగ్గిందంటే ఇంకా రాలేదేమని, ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన "నీ పార్శిల్ వచ్చేలోపు నాకు బీపీ వచ్చేటట్టుంది," అని అరిచాడు. ఆ మాట మాత్రం బాగానే వినపడింది.

చివరికి పోస్టాఫీసుకి రమ్మని చీటీ వచ్చింది. కౌంటర్లో కుర్రాడు ఏదో అన్నాడు. తల వంచుకుని మాట్లాడతాడు, పెదాలు కనపడవు. ఏంటి బాబూ అన్నాను. ఈసారి తలెత్తి గట్టిగా అన్నాడు. "సుంకం కట్టాలె మేడం! విదేశీ సరుకు గదా!"

ఎంతని చూద్దును కదా, నేను మిషన్ కొన్న ధర కంటే ఎక్కువ! ఇది అంత ఖరీదుది కాదన్నాను.

"పార్శిల్ మీద గట్లనే ఉంది మేడం. తక్కువదంటే బిల్లు పెట్టి హైదరాబాద్‌కి రాయండి. కొన్నిటికి మినహాయింపు గూడ ఉంటదంటరు. ఇంతకీ లోపలేముంది?"

వెనక వరసలో జనం. అందులో ఎవరు ఏ ఊరివాళ్ళో! చెవి మిషన్ అన్న రెండు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. "ఎలక్ట్రానిక్ సామాను," అని, పండగ అడ్వాన్సుగా తెచ్చుకున్న డబ్బంతా తీసి అక్కడ పెట్టాను. అన్నీ కలిపితే ఖమ్మం దుకాణం ధర దాటింది, నా బస్సు చార్జీలు దాని మీద.

ఫోన్లో మాటలు నాకు అందవు కాబట్టి తమ్ముడి కేకలు మా ఆయనే విని నాకు చెప్పాడు. "సుంకమోళ్ళు పార్శిల్ మీద రాసింది నిజమే అనుకుంటరు గదా, వాళ్ళేమన్న మన బస్సు డ్రైవర్లా అంటుండు!" అని, "కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే," అని తన మాట కూడా కలిపాడు. తలుపేసుకుని ఏడ్చాను.

మర్నాడు మిషన్ పెట్టుకుని, దాని మీదికి జుట్టు దువ్వి, పైన కొంగు కప్పుకుని బడికి వెళ్ళాను. క్లాసులో అడుగు పెట్టానో లేదో "నమస్తే టీచర్!" అని ఒక్క కేక. చెవిలో టపాసు పేలినట్టయింది. బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"ఎందుకురా అంత అరుస్తారు? మెల్లగా అనలేరూ!"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నా కొంగు గుంజిన పిల్ల లేచి, బల్ల చుట్టూ తిరిగి నా ఎడమ పక్కకొచ్చి, గొంతు చించుకుని అరిచింది. "మీకు ఇనబడాలని టీచర్!"

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"మా అక్క చదివినప్పటి నుంచే. కొత్తగా బడికొచ్చినోళ్ళకు ముందు గదే నేర్పుతం. టీచర్ ఎడమ దిక్కు నిలబడాలె, జోరుగ అనాలె, బయట ఎవ్వరికి చెప్పొద్దు అని."

అక్షరాలు రాకముందే ఆ పసివాళ్ళు నా పరువు కాయడం నేర్చుకున్నారు. నేనేమో వాళ్ళకి తెలియకూడదని పండగ అడ్వాన్సు తగలేసి వచ్చాను! కొంగు తీసి, జుట్టు పక్కకి తోసి మిషన్ చూపించాను. అందరూ మూగారు. ఎంతయింది టీచర్ అని అడిగింది ఆ పిల్ల. ఏమీ దాచకుండా సుంకంతో సహా చెప్పాను.

వెనక నుంచి ఒక పిల్లాడు కోయలో ఏదో గొణిగాడు. క్లాసంతా పకపకా నవ్వింది. అంత సన్నటి మాటా వినపడింది నాకు, ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ.

"ఏమంటున్నాడే వాడు?" అని అడిగాను.

ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ, మొదటిసారి నాతో మెల్లగా మాట్లాడింది. "గన్ని పైసలెందుకు పెట్టినవ్ టీచర్, మేం అరుస్తనే ఉన్నం గదా అంటుండు."