కాటా గదిలో కంప్యూటర్

విండోస్ 98 నడిచే రోజుల్లో, ఆటోనగర్‌లో లారీలు తూచే ఒక కాటా దగ్గరికి రిపేరుకి వెళ్లాను. తెర మీద బరువు అంకె మాటిమాటికీ ఆగిపోతోందని కబురు. నేను గుమ్మంలో ఉండగానే ఓనరు ఆపరేటర్ చెంప పగలగొట్టాడు.

"ఏటి సేత్తన్నావ్‌రా? బయట బళ్లన్నీ ఆగిపోనాయి!"

"నాను ఏటీ సెయ్యనేదు బాబూ." అతని పెదవి చిట్లి రక్తం కారుతోంది.

నాకు ఒళ్లు మండింది. సెట్టింగులు తెరిస్తే, మౌసూ కాటా వైరూ ఒకే లైను మీద కొట్టుకుంటున్నాయి. మౌస్ కదిపితే బరువు ఆగిపోతోంది. మౌస్ పీకేశాను, అంకె కదిలింది.

"తప్పు ఇతనిది కాదు. కంప్యూటర్‌లో కాటా వైరుకి విడిగా ఇంకో కార్డు వేస్తే మౌస్ కూడా పనిచేస్తుంది," అన్నాను.

"అక్కర్నేదు. కీబోర్డుతో సేత్తాడు," అన్నాడు ఓనరు.

వారం తిరక్కుండా, కొత్త మానిటర్ బిగించమని పిలిచాడు. పని నెమ్మదైందని ఓనరు మళ్లీ చెయ్యెత్తితే, ఆపరేటర్ పాత మానిటర్‌ని ఎత్తి ఆ చేతి మీదే కుదేసి వెళ్లిపోయాడట.

నేను మానిటర్ బిగించాక, కుడిచేతి పిండికట్టు ఒళ్లో పెట్టుకుని ఓనరే కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఎడంచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాడు. ఒక లారీ డ్రైవర్ కిటికీ ఊచల్ని ఇనపరాడ్డుతో బాదాడు.

"ఏటి సేత్తన్నావ్‌రా లోపల?"

ఓనరు ఉలిక్కిపడి, పిండికట్టు చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాను ఏటీ సెయ్యనేదు బాబూ."