నర్సమ్మ ఏడ్చింది, పాడలేదు

"ఏడ్వాల్నా, వద్దా? ముందుగాల గది చెప్పు గురవన్నా."

నాటు వేస్తున్న మడిలోంచి గట్టెక్కి వచ్చి, మోకాళ్ళ దాకా బురదతో నా ముందు నిలబడి అడిగింది వెంకటనర్సమ్మ. చేతిలో నారు కట్ట ఇంకా అట్లాగే ఉంది. నేను వేములపల్లికి మోసుకొచ్చిన కబురు ఒక్కటే. కోదాడ పక్కన అనంతగిరిలో వాళ్ళమ్మ సత్తెమ్మకు రెండు రోజులుగా గంజి కూడా దిగడం లేదు. కోదాడ అంగడిలో కలిసినప్పుడు నర్సమ్మ అన్న పర్వతాలు చెప్పమన్నాడు.

"అమ్మ ఇంకా ఉంది చెల్లే. ఇప్పుడే ఏడుపు మాటెందుకు?"

"ఉన్నది. నేను పోయేటాల్లకు ఉంటదో ఉండదో. పోయినంక నేను గొంతెత్తితె ఊరంత గోడలెక్కి కూసుంటది, మల్లొక పాట దొరికిందని. ఎత్తకపోతె కన్నతల్లికి కూడ ఏడ్వలేదంటరు. ఏం జేయమంటవ్?"

ఆ మాటకు జవాబు చెప్పే ముఖం నాకు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే నర్సమ్మ పాట సంగతి మొదటి నుంచి చెప్పాలి.

పెట్రోమాక్స్ దీపాలు కిరాయికిచ్చే పని నాది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఎక్కడ పెళ్ళయినా జాతరయినా దీపాలతో నేనుండాల్సిందే. చదువుకున్నది లేదు. అంగడి గోడల మీది అక్షరాలు చూసి చూసి నేర్చుకున్నవాణ్ణి. కానీ పాట వినడం మాత్రం నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. దీపానికి గాలి కొడుతూ పక్కన నిలబడి ఎంతమందిని విన్నానో లెక్క లేదు. నర్సమ్మ గొంతు వంటిది వినలేదు.

ఆ గొంతు నాట్లలో పుట్టింది. వంగి నారు పెడుతూ ఆమె ఒక వరస అందుకుంటే ఇరవై మంది ఆడవాళ్ళ చేతులు ఒక్క తీరుగా కదిలేవి. మిర్యాలగూడ హార్మోనియం జానయ్య ఒకసారి గట్టు మీద నడిచిపోతూ విన్నాడు. పది రోజుల్లో జట్టు కట్టాడు. నర్సమ్మ పాడాలి, ఆమె భర్త మట్టయ్య తాళాలు వాయించాలి.

అక్కడి దాకా బాగానే ఉంది. ఆ తర్వాత జానయ్య పెట్టిన కట్టుబాట్లు వినండి. పాడే మనిషి ఇక బురదలో దిగకూడదు, జనం చూస్తే పాటకు విలువ పోతుందట. పుస్తెలు రవికె లోపలికి వేసుకోవాలి. మట్టయ్య వెనక వరసలో కూర్చోవాలి. నలుగురిలో భార్యను పేరు పెట్టి కూడా పిలవకూడదు.

"మొగడున్నడంటె జనం ఎందుకొస్తరే, ఇంటికాడ పెండ్లాలు లేరా?" అనేవాడు జానయ్య, పెద్ద రహస్యం చెప్పినట్టు.

సూర్యాపేటలో అచ్చు వేయించిన కాగితాల్లో 'మిర్యాలగూడ కోకిల' అని పెద్దక్షరాలు. మట్టయ్య పేరు లేదు. మట్టయ్య నవ్వి ఊరుకునేవాడు.

"కూలి ఇద్దరికి వస్తున్నది గద అన్నా. మొగడైతేంది, తాళపోడైతేంది?"

భర్తను దాచిపెడితే జనం ఊరుకుంటారా? వాళ్ళే ఒకణ్ణి అంటగట్టారు. ఒక ఊళ్ళో ఆమె జానయ్య మనిషి అన్నారు. ఇంకో ఊళ్ళో దొర గడీకి పోయొచ్చిందన్నారు. సూర్యాపేటలో ఒకడు ఈలవేసి మట్టయ్య ఎదుటే ఆ మాట అంటే, మట్టయ్య తాళాలు కింద పెట్టి లేచాడు. జానయ్య చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. "జట్టు పేరు పోతది, కూసో!"

కూర్చున్నాడు. పేరు మాత్రం నిలబడింది.

నిజాం మీదికి యూనియన్ మిలిటరీ వచ్చిన తర్వాతి ఎండాకాలం మట్టయ్యకు కలరా గత్తర తగిలింది. పొద్దున వాంతులు మొదలైతే మరునాటి పొద్దుటికి మనిషి లేడు. నేను మిర్యాలగూడలో ఉన్నాను, తెలిసి వేములపల్లికి వచ్చాను. వాకిలి నిండా జనం. మా వైపు చనిపోయినవాళ్ళ మీద పడి ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. వాళ్ళు తిన్నది, తినలేనిది, చెప్పింది, చెప్పకుండా మింగింది అంతా తలచుకుని ఏడుస్తారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆ ఇంటావిడ మెడ చుట్టూ చెయ్యి వేసి తన గొంతు కలపాలి. అది పద్ధతి. ఒక్కదాన్నే ఏడవనివ్వరు.

నర్సమ్మ అందరిలాగే ఏడ్చింది. 

"ఎన్నడన్న ముందుకొస్తివా నా రాజా, ఎనకనే కూసుంటివి. ఇయ్యాల నా ముందుకొచ్చి పండుకుంటివా నా రాజా..."

వాకిలి చప్పున సద్దుమణిగింది. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపారు. వినడానికి! పిట్టగోడ మీదికి ఎక్కారు. "అబ్బ, ఏం గొంతురా" అన్నాడొకడు. వెనక నుంచి ఇంకెవడో "మల్లొకపారి" అన్నాడు. శవం ముందు కూర్చున్న ఆడమనిషిని 'మల్లొకపారి' అన్నాడు! ఒక్కరూ పోయి ఆమె మెడ మీద చెయ్యి వేయలేదు. నేను వేపకొమ్మ పట్టుకుని నిలబడి ఉన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ విన్నాను. ఎవరినన్నా ఆమె దగ్గరికి పొమ్మనాలన్న సోయి నాకు లేకపోయింది.

సాయంత్రానికి ఇంకో మాట పుట్టింది. మొగుడి శవం మీద పాట కట్టి పాడిన ముండ అని. పొద్దున గోడలెక్కి విన్న నోళ్ళే ఆ మాటా అన్నాయి.

పదకొండో రోజు జానయ్య వచ్చాడు. పరామర్శకు అనుకున్నాం. "నర్సీ, గా ఏడుపు జర ఇంకొంచెం పెంచితె కోదాడల పాడొచ్చు, అందరు అడుగుతున్నరు" అన్నాడు. ఆమె చాట తీసి అతని మీదికి విసిరింది. అతను పోయి సక్కుబాయి అనే పిల్లతో ఆ ఏడుపును అక్షరం పొల్లుపోకుండా పాడించాడు.

కోదాడలో అది విన్నాను. రాత్రి ఆటలకు మిలిటరీ వాళ్ళ అనుమతి లేని రోజులు. అంగడి నాడు పగటిపూట పెట్టారు. నా దీపాలతో పని లేదు, ఊరికే పోయాను. "ఆ ఏడుపు పాట పాడించండయ్యా, ఇంటిదగ్గర చెప్పి మరీ వచ్చాం" అని ముందు వరస వాళ్ళు గొడవ. సక్కుబాయి అందుకుంది. 'నా ముందుకొచ్చి పండుకుంటివా' అనగానే జనంలోంచి కొంగు కప్పుకున్న ఒక మనిషి లేచింది. నర్సమ్మ.

"జానన్నా! ముందు పండుకున్నోడెవడు? పేరు చెప్పు."

హార్మోనియం ఆగింది.

"చెప్పు. ఆరేండ్లు నీ ఎనక తాళాలేసిండు గద. గీ జనానికి ఒక్కపారి పేరు చెప్పు."

"నర్సీ, నలుగురు సూస్తున్నరు. నేనేం జేయాలె, ఏ ఊరికి పోయినా గీ పాటనే అడుగుతున్నరు."

"పాటనా? మీ అయ్య సచ్చిననాడు మీ అమ్మ ఏడ్చింది గద. గది పాడిపియ్యి పో!"

ముందు వరసలోంచి ఒకాయన, "మంచి పట్టులో ఆపేసిందండీ ఈవిడ" అని విసుక్కున్నాడు. వాళ్ళకు పోయింది అంతే! సక్కుబాయి మాత్రం కళ్ళెత్తలేదు. ఆ పిల్లకు అది ఎవరి ఏడుపో అప్పటి దాకా చెప్పలేదట.

ఆ రోజు నుంచి నర్సమ్మకు గయ్యాళి అని పేరు. కొత్త పిల్లను చూసి ఓర్వలేక ఆట చెడగొట్టిందని చెప్పుకున్నారు. పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. ఆమె మళ్ళీ మడిలో దిగింది. పుస్తెలు దాచుకునే బాధ లేదు, ఇప్పుడవి లేవు. నాట్లలో పాట మాత్రం ఎవరు అడిగినా ఎత్తదు. ఆమె పక్కన వంగిన ఆడవాళ్ళ చేతులు ఇప్పుడు తలా ఒక తీరుగా కదులుతున్నాయి. గట్టు మీద నిలబడి అదే చూస్తున్నాను నేను.

"నువ్వు గూడ విన్నవ్ గదన్నా ఆనాడు," అంది ఉన్నట్టుండి. "యాపకొమ్మ పట్టుకొని నిలబడ్డవ్. సూసిన."

"విన్నాను చెల్లే. తప్పయింది."

"నువ్వు పాపం మగోనివి, ఏం జేస్తవ్. గంత మంది ఆడోళ్ళకేమొచ్చింది? ఒక్కతి నా మెడ మీద చెయ్యేస్తె గది ఏడుపయితుండె. ఎవలు ఎయ్యకపోతె పాటయింది."

నారు కట్ట కింద పెట్టి, చేతి బురద గట్టు గడ్డికి రాసింది. మిర్యాలగూడ నుంచి మధ్యాహ్నం కోదాడకు వడ్ల లారీ ఉంది. బస్తాల మీద నేను ఎక్కిపోవచ్చు, ఆడవాళ్ళను ఎక్కనివ్వరు. ఆమెకు రేపు పొద్దుటి బస్సే దిక్కు. ఆ సంగతి చెప్పాను.

"అయితె నువ్వు ముందుగాల పో. మా అన్నకు కాదు, మా వదినె భద్రమ్మకు చెప్పు. ఆమెకు నాకు పడదని నీకెర్కనే. నా పాట ఇంటె తలకాయ నొస్తదంటది. ఆమె గొంతేమో ఇసుర్రాయి తిప్పినట్టుంటది." మొదటిసారి కొంచెం నవ్వింది. నవ్వు నిలవలేదు. "అమ్మ ఉంటె సరే. లేకుంటె, నేను వాకిట్ల కాలు పెట్టంగనే భద్రమ్మ ఉరికొచ్చి నన్ను పట్టుకోవాలె. నాకంటె ముందు ఆమెనే గొంతెత్తాలె, ఎంత గట్టిగైతె అంత గట్టిగ. సక్కగ రాకున్నా ఏం కాదని చెప్పు, రాకుంటెనే మంచిదని చెప్పు. నన్ను ఒక్కదాన్ని మాత్రం ఏడ్వనియ్యొద్దను. పో అన్నా, లారీ పోతది."