ఇవాళ వాళ్ల మడిలో

మధురానగర్‌లో మా ఎదురు ఫ్లాటువాళ్లు ఇల్లు ఖాళీ చేస్తుంటే, ఊరి నుంచి వచ్చిన మా అమ్మ కొంగు నడుముకు దోపుకుని వెళ్లి బిందెలూ పరుపులూ మోసింది. నేను ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు.

మా ఊళ్లో వరినాట్లు అలాగే సాగుతాయి. ఇవాళ వాళ్ల మడిలో మనం, రేపు మన మడిలో వాళ్లు. కూలి మాటే రాదు. చిన్న రైతుల సేద్యమంతా ఆ బదులు మీదే నడుస్తుంది.

సామానంతా ఎక్కించాక ఆ ఇంటావిడ అమ్మ చేతిలో నోటు పెట్టబోయింది. అమ్మ బిత్తరపోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. గుమ్మంలోంచి చూస్తున్న నాకు తల కొట్టేసినట్టయింది.

"ఈ సిటీ మనుషులు ఇంతేనమ్మా! రేపు మనం ఇల్లు మారితే ఒక్కడు సుత రాడు," అని మండిపడ్డాను.

అమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది: "నువ్వు ఎవరింటికి పోయినవ్ బిడ్డా?"