తడి లేని సీలు

మా ముత్తాత బాపిరాజుగారు రాజోలు తాలూకాలో మూడు ఊళ్ళకు మునసబు. తాసీల్దారు ఏ పని మీద వచ్చినా ముందు మా వీధరుగు మీద కూర్చుని, ఆ తర్వాతే ఊళ్ళోకి వెళ్ళేవాడు. ఊరి మంచినీళ్ళ చెరువు తవ్వించింది ఆయనే. మా తాత సుబ్బరాజుగారి కాలంలో పొలాలు కోర్టులకు పోయాయి. నా కాలానికి చెరువు గట్టు మీద ఒక కొబ్బరితోట, ఇంటిపేరు మిగిలాయి. నేను సైన్యంలో చేరి పంపుల మెకానిక్కునయ్యాను.

డెబ్బైల చివర ఒక తుఫానుకు మా ఇంజనీర్ల కంపెనీ కోనసీమలో దిగింది. అమలాపురం దాకా లారీలు సులువుగానే వచ్చాయి. ఆ పైన రోడ్డుకు అడ్డంగా పడిన కొబ్బరిచెట్లు నరుక్కుంటూ వెళ్ళాం. సన్నవాన. కాలవ గట్లు బూట్ల కింద జారాయి. ట్రైలరు మీద డీజిల్ పంపు, నీరు లాగే గొట్టాలు, పనిముట్ల పెట్టె. పెట్టెలో ఒకే ఒక్క స్పేరు సీలు. దిగగానే సుబేదారు సాబ్ ఆర్డరు చదివారు. ఉప్పెన నీరు చేరిన మంచినీళ్ళ చెరువును శనివారం ఉదయానికల్లా తోడెయ్యాలి. ఆ ఉదయం ఆ చెరువుకు కాలవ నీటి వంతు. వంతు తప్పితే నీరు దిగువ ఊళ్ళకు పోతుంది. ఉప్పు మిగిలితే ఏడాదంతా ఉప్పే తాగాలి.

ఊరి పేరు విని నిటారుగా నిలబడ్డాను. అది మా ఊరు.

పంపు సంగతి ఇక్కడ చెప్పాలి. మనవైపు ఆయిల్ ఇంజన్ల పంపులో షాఫ్టు లోపలికి వెళ్ళే చోట గ్రీజు పట్టించిన తాడు కుక్కుతారు. అక్కడ చుక్కలు కారాలి. ఎక్కువైతే నట్టు బిగిస్తారు. నీరు లేకుండా తిరిగినా ఆ తాడు కాసేపు ఓర్చుకుంటుంది. మా పంపుకు తాడు లేదు. దాని బదులు మెకానికల్ సీలు, అంటే రెండు రింగులు. బొగ్గుతో చేసిన రింగు షాఫ్టుతో పాటు తిరుగుతుంది. పింగాణీ రింగు కదలదు. స్ప్రింగు ఆ రెంటినీ అదిమి ఉంచుతుంది. రెండు ముఖాలూ అద్దమంత చదును. వాటి మధ్య కంటికి కనిపించనంత పల్చని నీటి పొర ఉంటుంది. దాని మీదే రింగు జారుతూ తిరుగుతుంది. బయటికి చుక్క రాదు. ఆ పొర లేకుండా తిప్పితే చూస్తుండగానే కాలిపోతుంది. అందుకే ముందు పంపునూ గొట్టాన్నీ నీళ్ళతో నింపాలి. ఆ తర్వాతే స్టార్టు చెయ్యాలి.

గురువారం మధ్యాహ్నం గొట్టం దించాం. అది నిండలేదు. నీరు వెనక్కి జారకుండా ఆపే అడుగు వాల్వులో గడ్డి ఇరుక్కుని, పోసిన నీరు పోసినట్టే చెరువులోకి దిగిపోతోంది. అప్పుడే ఊరంతా కదిలి వచ్చింది. ఇంజనుకు పసుపు పూసి బొట్లు పెట్టారు. పంచాయతీ ప్రెసిడెంటు కొబ్బరికాయ నా చేతికి అందించాడు. ఒకప్పుడు వాళ్ళ నాన్న మా తోటలో కాయల దింపు పనులు చూసేవాడు.

"మీ చేత్తో కొట్టి స్టార్టు చెయ్యండి బాబుగారండీ. చెరువు మీ ముత్తాతగారిదే కదండీ."

"ఇప్పుడే కాదు. గొట్టం నిండాలి."

"వర్జ్యం వచ్చేస్తుందండీ బాబూ," అన్నాడు పురోహితుడు. "ఆ పైన రేపటిదాకా మంచి ఘడియ లేదండీ."

"నిండని పంపు ఏ ఘడియలోనూ తోడదు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు ప్రెసిడెంటు. కాయ వెనక్కి తీసుకున్నాడు గానీ అక్కడినుంచి కదల్లేదు.

గుంపులోంచి ఎవరో అన్నారు. "ఆస్తులు పోయినా గీర పోలేదర్రా!"

"కాయ కొట్టడానిక్కూడా గొట్టం నిండాలంటరా!"

నవ్వులు. బదులు చెప్పడం నా మర్యాద కాదు. వాల్వు శుభ్రం చేయడానికి మెడలోతు నీళ్ళలోకి దిగాను. గట్టు మీద వైర్‌లెస్ ఆపరేటరు గొంతు వినిపించింది.

"సాబ్, కంట్రోల్ అడుగుతోంది. పంపు మొదలైందా? ఓవర్."

సుబేదారు సాబ్ జనాన్ని చూశారు. "వీళ్ళ మనసు నొప్పించకూడదు. ఒక్క నిమిషం తిప్పి ఆపండి."

కాయ పగిలింది. ప్రెసిడెంటు బటన్ నొక్కాడు. నీళ్ళలోంచి "బంద్ కరో!" అని అరిచాను. ఇంజను మోతలో ఎవరికీ వినపడలేదు. ముందు కీచుమన్న శబ్దం, తర్వాత కాలిన వాసన. పొగ చూసి పాపం ఎవరో పెద్దమనిషి బిందెడు నీళ్ళు పంపు నింపే గరాటులో పోశాడు. కాలిన పింగాణీ మీద చన్నీళ్ళు. నేను గట్టెక్కి పంపు ఆపించేసరికి షాఫ్టు పక్కనుంచి నీరు ధారగా కారుతోంది.

పంపు విప్పి స్పేరు సీలు వెయ్యడానికి మర్నాటి మధ్యాహ్నం దాకా పట్టింది. రింగుల ముఖాలకు వేలు తగలకూడదు. నూలు గుడ్డతో తుడిస్తే పోగులు అంటుకుంటాయి. ఊళ్ళో మా ఇంట్లోనే ఉంటున్న పెద్దమ్మను పట్టుగుడ్డ అడిగాను. తాతగారి ఉత్తరీయం తెచ్చి నా ముందే చింపింది.

"ఇది కప్పుకుని వెళ్ళే సభలు ఇంకెక్కడున్నాయిరా. తీసుకో."

ఈసారి గొట్టం నింపాకే స్టార్టు చేశాను. పంపు తోడింది. షాఫ్టు దగ్గర చుక్క రాలేదు. శనివారం తెల్లవారేసరికి చెరువులో మోకాలి లోతు ఉప్పునీరు మిగిలింది. ఒక్క పూట ఆగమని తూములు చూసే కాలవ లస్కరును అడిగాను. జీవితంలో నేను బతిమాలింది అతన్నొక్కణ్ణే.

"వంతు వంతేనండి," అని తూము ఎత్తేశాడు.

ప్రెసిడెంటును పిలిచి పగిలిన రింగు చూపించాను. నీటి పొర గురించి మొదటినుంచీ చెప్పాను. మాట మాటకీ "ఆయ్" అన్నాడు. రింగును వెలుతురుకు ఎత్తి పట్టుకుని బీటను శ్రద్ధగా చూశాడు.

"ఆయ్. అందుకేనండీ బాబుగారూ, ముందే మీ చేత్తో కాయ కొట్టమన్నాను."

ఊరు ఇప్పటికీ అదే చెబుతుంది. నేను కాయ కొట్టనందుకే పంపు మొరాయించిందట.

కంపెనీ వెనక్కి మళ్ళిన రోజు లారీ ఎక్కబోతూ ఇంటి ముందు ఆగాను. పెద్దమ్మ చెరువు నుంచి అప్పుడే బిందె తెచ్చింది. గ్లాసుతో ముంచి నోట్లో పోసుకుంది. ముఖం ఒక్కసారి ముడుచుకుంది. నేను చూస్తున్నానని గమనించింది. ఉమ్మలేదు. నా వైపే చూస్తూ మింగింది. ఆ తర్వాత మంచు కొండల్లో పనిచేశాను, ఎడారిలో పనిచేశాను. ఏ నీళ్ళు తాగబోయినా ఆ ముఖమే కనిపించేది.

ఆ తుఫాను తర్వాతి వేసవిలోనే చెరువు గట్టు మీది కొబ్బరితోట అమ్మేశాం. ప్రెసిడెంటు కొన్నాడు.